చిన్న అంగీ

సమూయేలు పుట్టుక కథ తెలియని క్రైస్తవ ఇల్లు ఉండదు. బిడ్డలు లేని హన్నా షిలోహు మందిరంలో ఏడ్చి మొక్కుకుంది. కొడుకు పుట్టాడు. పాలు మాన్పించాక మొక్కు ప్రకారం తీసుకెళ్లి యాజకుడు ఏలీ చేతిలో పెట్టి వచ్చింది. ప్రసంగాలు చాలావరకు అక్కడితో ఆగిపోతాయి. తరవాతి అధ్యాయంలో ఉన్న ఒక చిన్న సంగతిని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఏటేటా బలి అర్పించడానికి భర్తతో షిలోహు వెళ్లినప్పుడల్లా ఆమె కొడుక్కి చిన్న అంగీ ఒకటి కుట్టి పట్టుకెళ్లేది. ఏడాదిగా కంటబడని పిల్లాడికి అంగీ కుట్టాలంటే కొలత ఎక్కణ్ణించి వస్తుంది? పోయినేడు భుజం ఇంత ఉంది, ఈ ఏడు ఇంత ఉండొచ్చు అని మనసులోనే లెక్క కట్టి గుడ్డ కత్తిరించాలి. కుట్టుపని తెలిసిన తల్లి ఎవరైనా చేతులు కాస్త పొడుగు వదులుతుంది, అంచు లోపలికి మడిచి కుడుతుంది. అయినా, దేవుడికి ఇచ్చేసిన బిడ్డకి ఇంకా బట్టలు కుట్టాల్సిన పనేముంది? ఇవ్వడంతోనే లెక్క తేలిపోయిందనుకుంటే ఆ అంగీకి అర్థం లేదు. తేలలేదని ఆమెకు తెలుసు గనకనే ఏటా కుట్టింది. ఆ తేలని లెక్క గురించే ఈ వ్యాసం.

గడిచిన నూట డెబ్బై ఏళ్లలో ఈ కథ ఎన్నో ఇళ్లలో మళ్లీ జరిగింది. సువార్త చెప్పడానికి పరాయి దేశాలకు వెళ్లిన పాశ్చాత్య కుటుంబాల పిల్లల కోసం ఎక్కడికక్కడ బళ్లు వెలిశాయి. ముస్సోరీ కొండ మీద వుడ్‌స్టాక్ 1854లో మొదలైంది. చైనా ఇన్‌లాండ్ మిషన్ వాళ్లు ఉత్తర చైనా తీరంలోని చీఫూలో, అంటే ఇప్పటి యాంటాయ్‌లో, 1881లో బడి తెరిచారు. కొడైకెనాల్‌లో 1901లో, కెన్యాలోని కిజాబేలో 1906లో అలాంటివే వచ్చాయి. తెలుగు నేలకి ఇది దూరపు సంగతేమీ కాదు. 1836లో మొదలైన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్, 1842లో గుంటూరులో అడుగుపెట్టిన లూథరన్ మిషన్ తరవాతి తరాల్లో తమ పిల్లల్ని కొడైకెనాల్ బడికే పంపాయి. మనకి ఆస్పత్రులు, హైస్కూళ్లు, కాలేజీలు కట్టించిన దొరలు, దొరసానుల పిల్లలు ఏడాదిలో ఎక్కువ నెలలు మిషన్ బంగళాల్లో కనిపించకపోవడానికి కారణం అదే. వాళ్లు కొండ మీద ఉన్నారు. పిలుపు వచ్చింది తల్లిదండ్రులకి, ఎడబాటు వచ్చింది పిల్లలకి. ఒకరి పిలుపుకి ఇంకొకరు వెల చెల్లించడం ఏ ధర్మం కిందికి వస్తుంది?

ముందు ఆ బతుకు ఎలా సాగేదో చూడాలి. కొండ మీది బడికి వాతావరణమే పంచాంగం. మైదానంలో ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లో తల్లులు, వీలైతే తండ్రులూ కొండెక్కి బంగళాలు అద్దెకి తీసుకునేవారు. ఆ కొన్ని వారాలూ పిల్లలు బోర్డింగు వదిలి అమ్మ చేతి అన్నం తిని బడికి వెళ్లేవారు. పెద్ద సెలవులు చలికాలంలో. మిగతా నెలల్లో గంట కొడితే నిద్ర లేవాలి, గంట కొడితే ప్రార్థన, గంట కొడితే భోజనం, రాత్రి మళ్లీ చదువు. ట్రంకుపెట్టెలో సర్దే ప్రతి బట్టకీ పేరున్న గుడ్డముక్క కుట్టి పంపాలి, లేకపోతే చాకలి మూటలో ఎవరి చొక్కా ఎవరికి పోతుందో చెప్పలేం. వారానికో ఉత్తరం ఇంటికి రాయడం ఇలాంటి బళ్లలో మామూలు నియమం. సంతోషాలు లేవా అంటే ఉన్నాయి: కొండదారుల్లో నడకలు, నాటకాలు, పాటలు, ముసలితనం దాకా తెగని స్నేహాలు. బళ్లోనే ఉద్యోగం చేసే కుటుంబాలది మరో తీరు. హాస్టలులో ఇరవైమందికి అమ్మగా ఉండాల్సిన ఆమె దగ్గర సొంత కొడుకు కూడా వరసలో నిలబడాలి. 1950ల్లో మన దేశంలో పరిశోధన చేసిన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రూత్ హిల్ యూసీమ్ ఇలాంటివాళ్లకి ‘మూడో సంస్కృతి పిల్లలు’ అని పేరు పెట్టారు. తల్లిదండ్రుల దేశానిది మొదటి సంస్కృతి, ఉంటున్న దేశానిది రెండోది, రెంటి మధ్యా బతికేవాళ్లు తమలో తాము అల్లుకున్నది మూడోది. ఆయా దగ్గర నేర్చిన తెలుగు వంటింటి గుమ్మం దాటదు. సొంత దేశమేమో ఏళ్లకోసారి సెలవు మీద వెళ్లే చోటు. ‘మీదేవూరు?’ అని అడిగితే అలాంటి పిల్లకి సూటిగా ఒక్క పేరు నోటికి రాదు.

మిషనరీల జీవిత చరిత్రల్లో ఈ ఎడబాటుకి వాడుకలో ఉన్న పేరు త్యాగం. నా అభ్యంతరం ఆ మాట దగ్గరే. త్యాగం చెయ్యాలంటే ఇచ్చేది తనదై ఉండాలి. జీతం వదులుకోవచ్చు, పుట్టిన ఊరు వదులుకోవచ్చు, ప్రాణమే ఇవ్వొచ్చు. పక్కవాడి పొలం దేవుడి పేర రాసిచ్చి దాతననిపించుకోవడం మాత్రం కుదరదు. బిడ్డని పంపినందుకు తల్లి పడ్డ దుఃఖం తల్లిది, దాన్ని ఆమె త్యాగం అనుకోవచ్చు. దీపాలు ఆర్పాక ఆరేళ్ల పిల్ల దుప్పట్లో మొహం దాచుకుని ఏడ్చిన ఏడుపు ఆ పిల్లది. మొక్కుకున్నది ఆ పిల్ల కాదు. మరి ఆ ఏడుపుని ఏమని పిలవాలి? బాకీ అని పిలవాలి. తెలుగు క్రైస్తవులకి ఈ మాట కొత్తది కాదు. మత్తయి సువార్తలోని ప్రభువు ప్రార్థనలో, మనం చిన్నప్పటినుంచీ వల్లించే తెలుగులో, తప్పుకి వాడిన మాట రుణమే. అర్పణకీ బాకీకీ తేడా పేరులోనే లేదు, తరవాత నడుచుకునే తీరులో ఉంది. అర్పణ బలిపీఠం దగ్గర ముగిసిపోతుంది. పెట్టాక వెనక్కి తీసుకోకూడదు, ఏమైందని ఆరా తియ్యకూడదు. బాకీ ఉన్నవాడు మరిచిపోకూడదు, అడిగినప్పుడు మొహం చాటెయ్యకూడదు, తీరేదాకా తీరుస్తూనే ఉండాలి. పిల్లల్ని ఎప్పుడూ పంపకూడదన్నది నా వాదన కాదు. పంపినవాళ్లు తమని దాతలుగా లెక్కేసుకోకూడదన్నదే నా వాదన.

ఈ తేడా మనసుతో ఎరిగినవాడిగా నాకు కనిపించేది ఎరిక్ లిడెల్. 1902లో చైనాలోని టియాన్‌జిన్‌లో మిషనరీ దంపతులకు పుట్టి, ఆరేళ్ల వయసులో లండన్ పక్కన మిషనరీల కొడుకుల కోసం పెట్టిన బోర్డింగు బళ్లో చేరినవాడు. 1924 ప్యారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగు హీట్లు ఆదివారం పడ్డాయని, ప్రభువు దినాన పరుగెత్తనని తప్పుకున్నాడు. తరవాత నాలుగొందల మీటర్లలో 47.6 సెకన్లకి బంగారు పతకం గెలిచాడు. మరుసటి ఏడు చైనాకి మిషనరీగా వెళ్లాడు. యుద్ధకాలంలో జపాన్ సైన్యం ఆయన్ని వైషియెన్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. చీఫూ బడి పిల్లలు, ఉపాధ్యాయులు కూడా అదే శిబిరంలో ఉన్నారు. ఆదివారం ఆటలు వద్దన్నది అక్కడా ఆయన నమ్మకమే. ఒక ఆదివారం పిల్లలు పెద్దలెవరూ లేకుండా హాకీ ఆడుకుని కొట్లాటకి దిగారు. ఆ పై ఆదివారం మైదానంలో విజిల్ పట్టుకుని రెఫరీగా నిలబడినవాడు లిడెల్. పతకం ఆయనది గనక వదులుకునే హక్కు ఆయనకుంది. పిల్లల ఆట ఆయనది కాదు, దాన్ని తన నిష్ఠ కోసం వాళ్ల చేత వదిలించలేదు. తనదైన దానిలో ఎంత కఠినంగా ఉన్నాడో పరులదైన దానిలో అంత మెత్తబడ్డాడు. నియమం సడలించాడని ఎవరైనా అనొచ్చు. నియమం ఎవరి మీద చెల్లుతుందో తెలుసుకున్నాడని నేనంటాను. విడుదలకి ఆర్నెల్ల ముందు, 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే ఆయన కన్నుమూశాడు. కెనడాకి పంపేసిన భార్యనీ ఇద్దరు ఆడపిల్లల్నీ మళ్లీ చూడలేదు. ఆ తరవాత పుట్టిన మూడో పిల్లని అసలే చూడలేదు.

దీనికి మొదటి అభ్యంతరం లేఖనం నుంచే వస్తుంది. కొడుకునైనా కూతురినైనా తనకంటే ఎక్కువ ప్రేమించేవాడు తనకు తగడని యేసు చెప్పలేదా? అబ్రాహాము ఇస్సాకుని మోరీయా కొండకి తీసుకెళ్లలేదా? తీసుకెళ్లాడు. ఆ కథలో దేవుడు చివరికి చేసిన పని ఎత్తిన చెయ్యి ఆపడం. పైగా కథ చివర అబ్రాహాము తన పనివాళ్ల దగ్గరికి తిరిగి వచ్చాడని చెప్పిన గ్రంథం ఇస్సాకు వచ్చిన సంగతి చెప్పదు. ఆ కొండ తరవాత తండ్రీ కొడుకులు మాట్లాడుకున్న ఒక్క మాటా ఆదికాండంలో లేదు. బతికి బయటపడ్డ కొడుక్కి కూడా ఏదో మిగిలిపోయిందని ఆ మౌనం చెబుతున్నట్టుంటుంది. చెయ్యి ఆగని కథ న్యాయాధిపతుల గ్రంథంలో ఉంది. యుద్ధం గెలిస్తే ఇంటి గుమ్మంలోంచి మొదట ఎదురొచ్చింది అర్పిస్తానని యెఫ్తా మొక్కుకున్నాడు. ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. మొక్కు తీర్చాడు. ఆ గ్రంథం అతన్ని ఆ పనికి మెచ్చుకున్న జాడ అక్కడ లేదు. ఇక యేసు సంగతి. తల్లిదండ్రులకి ఇవ్వాల్సింది ‘కొర్బాను’, దేవుడికి ఇచ్చేశాం, అని చెప్పి తప్పుకునేవాళ్లని ఆయన మార్కు సువార్తలో గట్టిగానే మందలించాడు. ఒకరికి చెల్లాల్సింది దేవుడి పద్దులో రాసి ఎగ్గొట్టకూడదన్నదే ఆ మందలింపు సారం. అక్కడ మాట తల్లిదండ్రుల గురించి. పిల్లలకి చెల్లాల్సిన దానికి వేరే న్యాయం ఎందుకుంటుంది? దేవుణ్ణి ఎక్కువ ప్రేమించమన్నాడు నిజమే. బిడ్డ పేరున్న రసీదుతో ఆ ప్రేమ చూపించమనలేదు.

రెండో అభ్యంతరం చరిత్రది, మొదటిదానికంటే బరువైనది. ఇప్పుడు కూర్చుని తీర్పు చెప్పడం తేలిక, ఆ రోజుల్లో వేరే దారి ఏది? దగ్గర ఉంచుకోవడం కూడా ఊరికే అయ్యే పని కాదు. మిషనరీ విలియం కేరీ 1793లో కుటుంబంతో బెంగాల్ వచ్చాడు. రావడం ఇష్టంలేని భార్య డొరొతీ చివరి క్షణంలో ఒప్పుకుంది. మరుసటి ఏడు ఐదేళ్ల కొడుకు పీటర్ రక్తవిరేచనాలతో చనిపోయాడు. ఆమె మతి చలించింది, మళ్లీ కోలుకోలేదు. కలరా, మలేరియా ఊళ్లకి ఊళ్లని ఊడ్చేసే మైదానంలో ఉన్న తల్లికి చల్లటి కొండ మీది బడి ప్రాణరక్షణలాగే కనిపించి ఉంటుంది. ఈ మాట పూర్తిగా ఒప్పుకుంటాను. ఒప్పుకుంటే నా వాదన బలపడుతుందే గాని తగ్గదు. వర్షాలు లేక అప్పు చేసిన రైతుని ఎవరూ తప్పుబట్టరు, అప్పు లేదని మాత్రం అనరు. దారి లేక చేసిన పనికి నింద పోతుంది, బాకీ పోదు. అసలు బిడ్డల్ని మోసుకుంటూ ఆ దారిలోకి వచ్చిన నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న ఎలాగూ మిగిలే ఉంటుంది.

ఫలితాలు చూడమంటుంది మూడో అభ్యంతరం. టైమ్ పత్రిక పెట్టిన హెన్రీ లూస్ చీఫూ విద్యార్థి, రచయిత థార్న్‌టన్ వైల్డర్ కూడా అక్కడ కొంతకాలం చదివాడు. వైషియెన్‌లో ఉపాధ్యాయులు చేసినదాన్ని తలుచుకుంటే ఎవరికైనా చేతులు జోడించాలనిపిస్తుంది. సుమారు పదిహేను వందలమందిని కుక్కిన ఆవరణలో, ఆకలిలో, వాళ్లు పాఠాలు ఆపలేదు, పరీక్షలు ఆపలేదు. రేకు డబ్బాల్లో తింటున్నా నిటారుగా కూర్చుని మర్యాదగా తినమన్నారు. గుడ్డు పెంకులు మెత్తగా నూరి, ఎముకలకి సున్నం అందాలని చెంచాతో పిల్లల నోట్లో పోశారు. 1945 ఆగస్టు 17న అమెరికన్ సైనికులు పారాచూట్లతో దిగేసరికి తల్లిదండ్రుల్ని చూసి ఐదేళ్లు దాటిన పిల్లలు అక్కడున్నారు. ఆ గుడ్డు పెంకుల పొడిని ఈ వాదనలో నా వైపే పెట్టుకుంటాను. ఆ ఉపాధ్యాయులు పిల్లల్ని దేవుడికిచ్చేసిన వస్తువులుగా చూడలేదు, పరులు తమ దగ్గర దాచుకోమన్న సొత్తులా చూశారు. సొత్తు తిరిగి అప్పజెప్పే రోజు ఒకటుంటుందని ఎదురుచూశారు. పిల్లలు బాగా ఎదిగారంటే అది పిల్లల బలం, ఆ ఉపాధ్యాయుల పుణ్యం. అది పంపినవాళ్ల ఖాతాలో జమ కాదు. లేఖనం కూడా ఫలితాల లెక్క అంత నున్నగా చూపించదు. సమూయేలు గొప్ప ప్రవక్త అయ్యాడు, ఆయన కొడుకులు లంచాలు తిన్నారు. కారణం చెప్పకుండా రెండూ రాసిపెట్టింది.

అర్పణ అన్నా బాకీ అన్నా మాటల తేడాయే కదా, పిల్లలకి ఒరిగేదేముంది అనేవాళ్లకి జవాబు పశ్చిమాఫ్రికాలో ఉంది. గినీ దేశంలోని మామూలో ఒక అమెరికన్ మిషన్ నడిపిన పిల్లల బడి గురించి 1997లో ఒక స్వతంత్ర విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. అప్పటికి బడి మూతబడి పాతికేళ్లు దాటింది. ఆ పిల్లలు నడివయసుకి వచ్చి, తాము పడ్డ దెబ్బల గురించీ లైంగిక హింస గురించీ నోరు విప్పితేగాని విచారణ మొదలు కాలేదు. అన్నేళ్లూ ఎందుకు ఊరుకున్నారు? ఇంటికి రాసే ఉత్తరాలు పెద్దలు చదివేవారు. అంతకంటే గట్టి కాపలా మనసులో ఉంది. ఫిర్యాదు చేస్తే అమ్మానాన్నల దేవుని పని ఆగిపోతుంది, రక్షణ పొందాల్సిన ఆత్మలు నశించిపోతాయి అన్న భయం. బలిపీఠం మీద పెట్టినదానికి నోరుండదు. బాకీ అనుకున్న ఇంట్లో అయితే బిడ్డ ఫిర్యాదు అప్పులవాడి కబురులా వస్తుంది, కష్టంగా ఉన్నా తలుపు తియ్యాలి. షిలోహులో కూడా హన్నా బిడ్డని వదిలింది మచ్చలేని చోట కాదు. ఏలీ సొంత కొడుకులు మందిరంలోనే అర్పణ మాంసం దోచుకునేవారు, గుమ్మం దగ్గర సేవచేసే స్త్రీలతో శయనించేవారు. పవిత్రమైన చోటు గనక అడగనక్కర్లేదని అనుకోవడానికి ఆ గ్రంథం తావివ్వలేదు. తల్లి ఏటా వెళ్లి బిడ్డని కళ్లారా చూసుకోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

ఇక చివరి అభ్యంతరం మన వాకిట్లోదే. బిడ్డల్ని దూరం పెట్టనిదెవరు? ఇంటర్‌కి, ఐఐటీ ర్యాంకుకి మనం పిల్లల్ని కంచెలున్న హాస్టళ్లలో వెయ్యట్లేదా? గల్ఫ్‌కి వెళ్లిన తల్లి బిడ్డని అమ్మమ్మ దగ్గర వదలట్లేదా? ఉత్తరాదికి వెళ్లే మన దేశపు మిషనరీల పిల్లల కోసం తమిళనాట దోనావూరులో బడి ఉంది కదా, తెల్లవాళ్లనే అనడమెందుకు? నిజమే, తెల్లవాళ్లనే అనకూడదు. బాకీ అన్న మాట మన ఇళ్లకీ అంతే చెల్లుతుంది. కాకపోతే ఒక తేడా ఉంది. ర్యాంకు కోసం హాస్టల్లో వేసిన తండ్రితో కొడుకు పోట్లాడగలడు, నీ ఆశ కోసం నన్ను చంపుకుతిన్నావని మొహం మీదే అనగలడు. దేవుడి కోసం పంపిన తండ్రితో పోట్లాడితే దేవుడితోనే పోట్లాడినట్టవుతుంది. పిల్లకి ఒక్కసారిగా ఇల్లూ, విశ్వాసమూ రెండూ పోతాయి. అందుకే దేవుడి పేరు ఎత్తినచోట జాగ్రత్త తక్కువ కాదు, ఎక్కువ ఉండాలి. నీకు జరిగింది మా నిర్ణయం వల్ల, దేవుడి మీదికి తొయ్యం అని పెద్దలు చెప్పగలిగితే, బిడ్డకి కనీసం ఆ దేవుడితో సొంతంగా మాట్లాడుకునే దారి మిగులుతుంది. బాకీ తీర్చడంలో మొదటి వాయిదా ఆ ఒప్పుకోలే. తరవాతివి చిన్నవే: ఉత్తరం మధ్యలో ఎవరూ చదవకపోవడం, ఇంటికి వచ్చేస్తానంటే రానివ్వడం, చుట్టూ ఉన్న మనుషుల భాష వంటింట్లోనే ఆగిపోకుండా బళ్లోకి రానివ్వడం. దోర్నకల్‌లో పనిచేస్తున్న వి.యస్. అజరయ్య 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో పాశ్చాత్య మిషనరీలని అడిగింది స్నేహం. ఆ స్నేహం ఇరుగుపొరుగు పిల్లల ఆటల్లో మొదలై ఉండాల్సింది, కొండ మీది గోడ ఆపేసింది. ఆ నష్టం కూడా పిల్లల పద్దులోదే.

ఇంతకీ హన్నా చేసింది తప్పా ఒప్పా అని గ్రంథం తేల్చలేదు, నేనూ తేల్చను. ఆమె మొక్కుకుంది, మాట నిలబెట్టుకుంది. ఆ తరవాత సూది పట్టుకుంది. కొలత ఊహించి కుట్టిన బట్ట ఒక్కోసారి బిగుతవుతుంది, ఒక్కోసారి వదులవుతుంది. తప్పెంతో తెలియాలంటే బిడ్డ దగ్గరికి వెళ్లి తొడిగి చూడాలి, వచ్చే ఏటికి గుర్తుపెట్టుకోవాలి. సమూయేలు చనిపోయాక సౌలు రాజు ఏన్దోరులో ఒక సోదెగత్తె చేత ఆయన్ని రప్పించుకున్న ఘట్టం అదే గ్రంథం చివర్లో వస్తుంది. పైకి వచ్చిందెవరో రాజుకి కనిపించదు. ఎలా ఉన్నాడని అడిగితే ఆమె చెప్పిన ఆనవాలు, ముసలివాడు, పైన అంగీ కప్పుకున్నాడు అని. ఆ ఒక్క గుర్తుతో రాజు పోల్చుకున్నాడు. హీబ్రూ మూలంలో ఆ పైబట్టకీ, తల్లి ఏటా కుట్టి తెచ్చిన చిన్న అంగీకీ వాడిన మాట ఒక్కటే.